ఆ ఏడాది కలిసొస్తుందా?

ధర్మవరంలో కొన్ని వీధుల్లో రాత్రి తొమ్మిదైనా మగ్గం చప్పుడు ఆగదు. అలాంటి వీధిలో, అలాంటి ఇంట్లో, భోజనాల దగ్గర ఈ మాట మొదలవుతుంది.

‘‘నాయనా, డిగ్రీ అయిపోవస్తాంది. ఎమ్మెస్సీ చేసి, దాని తర్వాత పీహెచ్‌డీ చేద్దామనుకుంటాండా...’’

నాయన ముద్ద కలుపుతూనే మనసులో ఏళ్లు లెక్కేసుకుంటాడు. అమ్మ ఏమీ అనదు. అవ్వకు మాత్రం లెక్కలతో పనిలేదు. సూటిగా అడిగేస్తుంది.

‘‘ఇంగ ఎన్నేండ్లు సదువుతావే?’’

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు. ఓపికుంటే ఎంఫిల్. ఆపైన పీహెచ్‌డీ. దారి ఒక్కటే, మెట్లూ అవే. ఇప్పుడు అలా కాదు. ‘ఏడాదిలోనే పీజీ అంట’ అని ఒకరంటారు. ‘పీజీ లేకుండానే పీహెచ్‌డీలో చేర్చుకుంటారంట’ అని ఇంకొకరు. ‘రెండూ కలిపి ఒకేచోట ఇస్తారంట’ అని మూడోవారు. ఇన్ని ‘అంట’ల మధ్య ఓ ఇరవయ్యేళ్ల అమ్మాయో అబ్బాయో రాబోయే ఏడెనిమిదేళ్ల జీవితాన్ని తేల్చుకోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఊరేదైనా, ఇంట్లో మొదటిసారి ఇంత దూరం చదువుతున్న పిల్లలకు అడిగి తెలుసుకునే పెద్ద దిక్కు కూడా తక్కువే.

నాలుగూ ఒకటీ అయిదు... మూడూ రెండూ అయిదే!

ముందు లెక్క తేల్చుకుందాం. 2022 నవంబరులో యూజీసీ పీహెచ్‌డీ ప్రవేశాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పీహెచ్‌డీ గడప తొక్కడానికి మూడు దారులున్నాయి. మూడేళ్ల డిగ్రీ చేసినవారు రెండేళ్ల పీజీ చెయ్యాలి. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి ఏడాది పీజీ చాలు. ఈ రెండు దారుల్లోనూ పీజీలో కనీసం 55 శాతం మార్కులుండాలి. ఇక మూడోది, నాలుగేళ్ల డిగ్రీలోనే 75 శాతం తెచ్చుకున్నవారు పీజీ ఊసే లేకుండా నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల విద్యార్థులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది.

‘ఏడాదిలో పీజీ’ అనగానే ఒక సంవత్సరం మిగిలిపోయిందని సంబరపడేవారు ఇక్కడ కాస్త ఆగాలి. మూడు, రెండు కలిపితే అయిదు. నాలుగు, ఒకటి కలిపినా అయిదే. పొదుపేమీ లేదు! పీజీలో తగ్గిన ఏడాది డిగ్రీలో పెరిగిందంతే. నిజంగా ఏడాది మిగిలేది ఒక్క మూడో దారిలోనే. ఈ చిన్న కూడికను కాలేజీల ప్రచార పత్రాలు చెప్పవు. వాటి పని అది కాదు మరి.

అయితే ఏడాది పీజీ దండగనుకుంటే పొరపాటే. నాలుగేళ్ల డిగ్రీలో 68 శాతం వచ్చిన విద్యార్థిని ఊహించుకోండి. నేరుగా పీహెచ్‌డీకి 75 కావాలి, అంత లేదు. అలాగని మళ్లీ రెండేళ్ల పీజీ అంటే మొత్తం ఆరేళ్లవుతుంది. అలాంటివారికి ఈ ఏడాది పీజీయే నిచ్చెన. అందులో 55 శాతం దాటితే తలుపు తెరుచుకుంటుంది.

మన రాష్ట్రంలో డిగ్రీకి నాలుగో ఏడాది ఆనర్స్ అవకాశం 2020-21లో చేరిన విద్యార్థులతో మొదలైంది. నిబంధనల పుస్తకంలో అవకాశం ఉండటం వేరు, మన ఊరి కాలేజీలో మన సబ్జెక్టుకు ఆ నాలుగో ఏడాది నడవడం వేరు. మూడో ఏడాది పరీక్షలయ్యాక ఆఫీసు గదికి వెళ్లి అడిగేకంటే, రెండో ఏడాదిలోనే అడిగి పెట్టుకోవడం మంచిది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటినవారికి నాలుగో ఏడాదిలో పరిశోధన ప్రాజెక్టు చేసే వీలునూ యూజీసీ కల్పించింది. పీహెచ్‌డీ తనకు సరిపడుతుందో లేదో ముందుగా రుచి చూడటానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

రైలు దారిలోనే ఉన్నాయి

ఇక ‘రెండూ కలిపి ఇస్తారంట’ అన్న మాట సంగతి. ఇది ఉత్త పుకారు కాదు. పైగా ఈ మూడు ఊళ్లకు ఇదే అన్నింటికంటే దగ్గరి దారి.

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటి, గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా యలహంక చేరుతుంది. యలహంకకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రం, గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఇంకాస్త ముందుకెళ్లి యశ్వంతపురంలో దిగితే ఆటో దూరంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. మన పెద్దలు ఇప్పటికీ ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని పిలిచేది దాన్నే. పట్టుచీరల మూటలతో, చింతపండు బస్తాలతో ఏళ్ల తరబడి మనవాళ్లు తిరిగిన దారే ఇది. ఆ దారి పక్కన ఇలాంటి చదువులున్నాయని మాత్రం చాలా ఇళ్లలో తెలియదు.

ఈ సంస్థలన్నీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ నడుపుతున్నాయి. మూడేళ్ల బీఎస్సీ చాలు. చేరాక మొదటి రెండేళ్లు పీజీ పాఠాలు, ప్రయోగశాలల్లో చిన్న చిన్న ప్రాజెక్టులు. ఆ తర్వాత అక్కడే పరిశోధన. మళ్లీ ప్రవేశ పరీక్ష, మళ్లీ ఊరు మారడం, మళ్లీ హాస్టల్ వెతుక్కోవడం ఉండవు. ఐఐఎస్సీలో భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాల్లో ఈ కోర్సు ఉంది. అందుకు జామ్ పరీక్ష రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ. జామ్ సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తులు మాత్రం అంతకు కొన్ని నెలల ముందే ముగిసిపోతాయి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడే ఈ పని చూసుకోవాలన్నమాట. సంక్రాంతికి గుర్తొస్తే ఆ ఏడాదికి అంతే!

సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. తెలుగు మాధ్యమంలో చదివి, ప్రయోగశాలలో సరైన పరికరాలు కూడా చూడని పిల్లలకు ఆ ఇంటర్వ్యూ గది భయం పుట్టిస్తుంది. అందులో దాపరికమేమీ అక్కర్లేదు. కానీ అక్కడ అడిగేది ఇంగ్లిషు కాదు, డిగ్రీ పాఠాల్లో పునాది. దాన్ని ధర్మవరంలో కూర్చునీ గట్టి చేసుకోవచ్చు.

సగం నేసిన చీర

అసలు గుచ్చుకునే ప్రశ్న ఇంకొకటుంది. చేరేటప్పుడు ఎవరూ దాన్ని అడగరు. మధ్యలో ఆపేయాల్సి వస్తే చేతిలో ఏముంటుంది?

నేతగాళ్ల ఇళ్లలో దీన్ని వివరించి చెప్పాల్సిన పనిలేదు. పడుగంతా పట్టే, పేకంతా పట్టే, జరీ అసలైనదే... అయినా సగం నేసిన చీరకు అంగట్లో ధర లేదు. పీహెచ్‌డీ కూడా అంతే. నాలుగేళ్లు చేసి మానేస్తే ‘నాలుగేళ్ల పీహెచ్‌డీ’ అని పట్టా ఇవ్వరు.

మానేయడం సోమరుల పని అనుకోవడం తప్పు. నాయనకు ఒంట్లో బాగోక ఇంటికి వచ్చేయాల్సి రావచ్చు. గైడ్‌తో పొసగకపోవచ్చు. మూడేళ్లు చేసిన ప్రయోగం ఫలించకపోవచ్చు. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆపైన మరో రెండేళ్లు పొడిగించే వీలుంది. కనీసం మూడే అని రాసి ఉన్నా, ప్రయోగశాల సబ్జెక్టుల్లో అయిదేళ్లు పట్టడం మామూలు విషయం. అయిదేళ్లంటే ఒక ఇంట్లో ఎన్ని మారిపోతాయి!

ఇక్కడే పీజీ పట్టా విలువ తెలుస్తుంది. ముందు పీజీ చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు మధ్యలో ఆగినా పీజీ ఎక్కడికీ పోదు. దాంతో జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి పోటీ పడొచ్చు, నెట్ రాయొచ్చు. ఇంటిగ్రేటెడ్ కోర్సుల్లోనూ అర్హతలు పూర్తిచేస్తే మాస్టర్స్ పట్టా చేతికిచ్చే ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడిస్తారు, ఏ షరతుల మీద ఇస్తారు అన్నవి సంస్థను బట్టి మారతాయి. చేరేముందే కాగితం మీద చదువుకోవాల్సిన సంగతి ఇది. మరి నాలుగేళ్ల డిగ్రీ నుంచి నేరుగా పీహెచ్‌డీలోకి దూకి, మూడో ఏట ఆగిపోయినవారి సంగతి? వారి చేతిలో మిగిలేది డిగ్రీ ఒక్కటే. మిగిల్చుకున్న ఏడాదికి మూడేళ్లు వడ్డీ కట్టినట్టవుతుంది.

పూర్తిచేసినా ఓ చిక్కుంది. జూనియర్ లెక్చరర్ నియామకాలకు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతారు. 2018 నాటి యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కూడా 55 శాతం మార్కులతో పీజీ ఉండాలనే రాశాయి. పీజీ లేకుండా పీహెచ్‌డీలో చేర్చుకునే నిబంధన ఒక చేతి పని, ఉద్యోగాల నిబంధన ఇంకో చేతి పని. రెండు చేతులూ అన్నిసార్లూ కలవవు. నేరుగా పీహెచ్‌డీకి వెళ్లేవారు తమకు కావాల్సిన ఉద్యోగం నోటిఫికేషన్‌ను ఒకసారి దగ్గర పెట్టుకుని చదవడం మంచిది. పరిశోధన సంస్థల్లో, పరిశ్రమల్లో స్థిరపడాలనుకునేవారికి ఈ బెడద తక్కువ. పాఠాలు చెప్పాలనుకునేవారికే ఎక్కువ. మన వైపు పీహెచ్‌డీ కలగనే పిల్లల్లో పాఠాలు చెప్పాలనుకునేవారే ఎక్కువ కదా!

ఒకప్పుడు ఈ మధ్య మెట్టుగా ఎంఫిల్ ఉండేది. డిగ్రీ కాలేజీల్లో మనకు పాఠాలు చెప్పిన ఎంతోమంది ఎంఫిల్‌తో ఆగినవాళ్లే. ఏడాదిన్నరో రెండేళ్లో పరిశోధన చేసి, నచ్చితే ముందుకు, లేకపోతే ఆ పట్టాతోనే ఉద్యోగానికి వెళ్లారు. 2022 నిబంధనలతో ఎంఫిల్ పోయింది. దాని స్థానంలో పరీక్షించి చూసుకోవడానికి మిగిలింది పీజీ ప్రాజెక్టు ఒక్కటే. పీజీని తొందరగా ముగించుకోవాలనుకునేవారు ఆ ప్రాజెక్టును కూడా తొందరగా ముగించేస్తే, పెళ్లిచూపులు లేకుండా తాళి కట్టినట్టే.

పురుగుకు తొందర తెలీదు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు చుట్టుపక్కల మండలాల నుంచి రైతులు గూళ్లు తెస్తారు. ఆ పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. మల్బరీ ఆకు, పట్టుపురుగు, గుడ్లు, రోగాలు... పరిశోధన అంటే ఎక్కడో అద్దాల మేడల్లో జరిగేది కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

మల్బరీ రైతు కొడుకు బీఎస్సీ చేసి పట్టుపురుగుల మీదే పరిశోధన చేస్తానంటే, అతనికి ఏడాది పీజీ మంచిదా, రెండేళ్లదా? ఇక్కడ జవాబు నిబంధనల్లో దొరకదు, పొలంలో దొరుకుతుంది. పురుగు పెంపకం ఒక విడతకు నెల రోజుల పని. ఎండాకాలం పంట ఒకలా ఉంటుంది, వానాకాలం పంట ఒకలా, చలికాలంలో ఇంకోలా. ఏడాదిలో ఒక్కో కాలం ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్కసారీ పాఠాల హడావుడిలో పోతే మళ్లీ చూసే వీలుండదు. రెండో ఏడాది ఉంటే మొదటి ఏడాది చేసిన తప్పును అదే కాలంలో దిద్దుకోవచ్చు. వ్యవసాయం, పర్యావరణం, పశువులు, నేలలు... ఈ సబ్జెక్టులన్నింటికీ ఇదే వర్తిస్తుంది. గణితానికో, సిద్ధాంత భౌతికశాస్త్రానికో వర్తించదు. పక్కింటి అబ్బాయి ఏడాదిలో ముగించాడు కాబట్టి మనవాడూ ముగించాలనేవాళ్లు, పక్కింటి అబ్బాయి సబ్జెక్టు ఏమిటో ముందు అడగాలి.

పెనుకొండలో ఒక కథ

పట్టాలకూ ప్రతిభకూ మధ్య పేచీ ఈనాటిది కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులు చదువుకున్నది పెనుకొండలోనే. అక్కడి సబ్‌కలెక్టరు భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లిషు సాహిత్యం నేర్చుకున్నారు. శిథిలమైన ఆ కోటను చూసి, మీసాలైనా రాని వయసులో ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు వెళితే, చదవాల్సిన పాఠ్యగ్రంథాల్లో తన ‘పెనుగొండ లక్ష్మి’ కూడా ఉంది! తాను రాసిన పుస్తకం మీద తానే పరీక్ష రాయాల్సి వచ్చింది. ఎంత పండితుడైనా ఉద్యోగానికి ఆ కాగితం కావాలి మరి.

ఇప్పుడు పెనుకొండ అనగానే కొత్తతరానికి గుర్తొచ్చేది ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారం. దానితోపాటే ఇంజినీరింగ్ చదివే పిల్లల ఆలోచనలూ మారాయి. బీటెక్ తర్వాత ఉద్యోగమా, ఎంటెక్కా, పీహెచ్‌డీయా? ఐఐటీల్లో మంచి మార్కులతో బీటెక్ చేసినవారిని నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కొన్నిచోట్ల ఎంటెక్‌లో చేరి, మధ్యలో పీహెచ్‌డీకి మారొచ్చు. ఎటూ తేల్చుకోలేనివారికి ఇది నయం. చేరిన ఏడాదిలో గైడ్ ఎవరో, పని ఏమిటో కళ్లారా చూశాక మారతారు కాబట్టి.

ఉద్యోగం చేసి ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళితే ఆలస్యమైపోతుందా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో 1960లో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో కొన్నేళ్లు పనిచేశారు. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్ వెళ్లి 1966లో పీహెచ్‌డీ అందుకున్నారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. సి.ఆర్.రావు అయితే ఒకటికి రెండు పీజీలు చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో స్టాటిస్టిక్స్. ప్రపంచమంతా ఆయన పేరుతో పిలిచే సిద్ధాంతాన్ని 1945లో ప్రచురించారు. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ చేతికొచ్చింది 1948లో! అందరూ రావులూ రెడ్డిలూ కాలేరు, నిజమే. ఏడాది ఆలస్యమైందని దిగులుపడే ఇళ్లలో ఈ తేదీలు తెలిస్తే చాలు.

నెలనెలా చేతికొచ్చేదెంత?

మాటలెన్ని చెప్పుకున్నా ఇల్లు గడిచేది డబ్బుతోనే. జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000 ఇస్తున్నారు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 70,000, ఆపైన ఇంకా పెరుగుతుంది. మరి ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరితే? కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికిచ్చే మొత్తం నెలకు 8,000. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదీ ఉండదు. ఫెలోషిప్పులు నెలల తరబడి ఆలస్యమవుతాయని పరిశోధక విద్యార్థులు వాపోవడమూ మామూలే.

37 వేలకూ 8 వేలకూ ఉన్న తేడా ముందు ఒక ఏడాది తేడా ఎంత? పీజీలో మిగిలిన ఏడాదిని ఇంట్లో కూర్చుని జేఆర్‌ఎఫ్‌కు చదివి సాధించినవారు, ఏడాది ముందుగా ఖాళీ చేతులతో చేరినవారికంటే సుఖంగా ఉంటారు. ఇది కొంచెం కఠినంగా అనిపించినా ఇంటి పెద్దలు గుర్తించాల్సిన సంగతి. 2024 జూన్ నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశాలకు వీలు కల్పించారు. నాలుగేళ్ల డిగ్రీ ఆఖరి ఏడాదివారూ ఆ పరీక్ష రాయొచ్చు. కాబట్టి పీజీలో ఉండగానే ఒకటి రెండుసార్లు ప్రయత్నించే అవకాశం ఉంది.

విదేశాల లెక్క వేరు. అమెరికాలో డిగ్రీ పాఠాలనే కొన్నింటిని మాస్టర్స్‌లో కలిపి ‘నాలుగూ ప్లస్ ఒకటి’గా ముగించే కోర్సులు అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు చేస్తుంటారు. ఇక్కడినుంచి వెళ్లేవారు గమనించాల్సింది ఒకటే. అక్కడ మాస్టర్స్‌కు సాధారణంగా మనం డబ్బు కట్టాలి. పీహెచ్‌డీకి సాధారణంగా వాళ్లే మనకు డబ్బిస్తారు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారిని చాలా విశ్వవిద్యాలయాలు నేరుగా పీహెచ్‌డీలో చేర్చుకుంటాయి. మధ్యలో ఆగితే చాలాచోట్ల మాస్టర్స్ ఇచ్చి పంపుతాయి. పొలం తాకట్టు పెట్టి లక్షల అప్పుతో ముందు ఎంఎస్, తర్వాత పీహెచ్‌డీ అని ప్రణాళిక వేసేవారు ఇది తెలుసుకుని వేస్తే మేలు. బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే. జర్మనీలో సాధారణంగా మాస్టర్స్ లేనిదే పీహెచ్‌డీకి రానివ్వరు.

అమ్మాయి విషయంలో...

అబ్బాయికి ‘ఎంత జీతమొస్తుంది’ అని అడిగే నోళ్లు, అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ‘పెళ్లెప్పుడు’ అంటాయి. నిజానికి ఆ ఒక్క ఏడాది మిగలాలన్న తొందర చాలా ఇళ్లలో ఇక్కడినుంచే పుడుతుంది. చదువుకు పనికొచ్చే తొందర కాదది. ఇరవై రెండుకే పీహెచ్‌డీలో చేరితే ఇరవై ఏడుకు అయిపోతుందనే లెక్క. ఆ లెక్క తప్పితే మొదట ఆగేది చదువే. అందుకే, ఎక్కువగా ఆగిపోయే ప్రమాదమున్న వారికి చేతిలో పీజీ పట్టా ఉండటం ఇంకా ఎక్కువ అవసరం.

నిబంధనలు మాత్రం ఈ విషయంలో కొంత దయగానే ఉన్నాయి. మహిళలకు గడువులో మరో రెండేళ్లు అదనంగా ఇవ్వొచ్చు. మొత్తం పీహెచ్‌డీ కాలంలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పెళ్లిచూపులకొచ్చినవాళ్లకు కాఫీతోపాటు ఈ సంగతీ చెబితే తప్పులేదు.

ధర్మవరం ఇంట్లో భోజనాలు ముగిశాయి. కూతురు ఓ కాగితం తెచ్చి మూడు దారులూ గీసింది. ఒక్కోదాని పక్కన ఏళ్లు, నెలకొచ్చే డబ్బు, మధ్యలో ఆగితే చేతిలో మిగిలే పట్టా. నాయన చాలాసేపు ఆ మూడో గడినే చూశాడు. అవ్వ మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి జవాబు నాయన నోటినుంచే వచ్చింది.

‘‘ఏడేండ్లవుతుందమ్మా. రెండేండ్లకు ఒక పట్టా మాత్రం చేతికొస్తుంది.’’

ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, ‘‘ఆ జామ్ అనేదానికి అర్జీ ఎప్పటిదాకా పెట్టుకోవచ్చునో చూడు పాపా’’ అని మగ్గం గుంటలోకి దిగాడు.